నీటిగుర్తు

ఫాబ్రియానోలో నలభై ఒక్క ఏళ్ళు
కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాను.
దీపం ముందు ఎత్తితే
లోపలి నుంచి రెక్క విప్పే పిట్ట,
లేదా కిరీటం, లేదా ఎవరిదో పొడి అక్షరం.
పల్చబడ్డ చోటే బొమ్మ.
నాకు తెలిసిన కళ అంతే.

ఇవాళ కుర్చీలో నేను వెల్లకిలా.
దీపం నా మీదికే వంగింది.
నజ్జరేనో కూతురు లుదోవికా
వేరు చిట్లిన పంటి పక్కన, చిగురు అంచులోకి
సన్నటి ఉక్కుపుల్ల దూర్చి
అద్దం నా చేతికిచ్చింది.
"కనిపిస్తోందా?"
కనిపించింది.
చిగురు వెనక బూడిదరంగు గీత,
తడి ఠావులో తీగ జాడలాగ.

"మీది పల్చటి చిగురు" అంది.
ముదిరిన కొమ్మని ఎవరూ చిగురనరు,
నోట్లో మాత్రం అరవై ఎనిమిదేళ్ళకీ అదే పేరు.
తిట్టేమీ కాదది. అయినా
ఈ వయసులో పలుచన కావడం
కొంచెం కష్టంగానే ఉంటుంది.

మరమేకు ఎముకలో బాగానే నాటుకుంటుందట.
ఎముకకీ టైటానియానికీ పేచీ లేదు.
పేచీ అంతా గుమ్మం దగ్గరే.
మేకు మెడ చుట్టూ చిగురు
మందంగా కూర్చోవాలి, రెండు మిల్లీమీటర్లైనా.
చాలకపోతే ఎముకే కరిగి, కిందికి జరిగి
చోటు ఇస్తుందట,
చుట్టానికి మంచం వదిలి
నేల మీద పడుకున్న పెద్దాయనలాగ.

రెండు మిల్లీమీటర్లా!
నవ్వబోయాను, నోటి నిండా దూది.
నా లెక్కలో అది
శుభలేఖల అట్ట ఆరేడు ఠావులు.

"అంగిట్లోంచి కొంచెం తీసి ఇక్కడ కుడతాను.
మీదే. బయటిది కాదు."
అది నాకు వెంటనే అర్థమైంది.
చిల్లుపడ్డ పాత దస్తావేజుకి
దాని ఈడు పేలికల గుజ్జే అద్దేవాళ్ళం మేమూ.
వేరే గుజ్జైతే ఆరేటప్పుడు
ఒకటి ఇటు లాగుతుంది, ఒకటి అటు.

పన్ను పీకి, మేకు నాటి, అతుకు వేసి, అన్నీ ఒక్క పూటలో.
అంగిలి పది రోజులు మండింది.
చల్లార్చిన సూపు, ఎడమ దవడతో.
మా అసుంతా వేడి రొట్టె అంచులు
కరకరమని నా ఎదురుగానే తినేది,
పాపం, నావైపు చూడకుండా.

మూడు నెలలకి అదే దీపం, అదే పుల్ల, అదే అద్దం.
"ఇప్పుడు?"
మేకు మూత పక్కనంతా వెతికాను.
గులాబిరంగు. అంతే.
గీత లేదు, నీడ లేదు,
ఏ గుర్తూ పడని ఠావు.
మా మిల్లులో అయితే
తిరిగి తొట్లో పడేసేవాణ్ణి.
ఆమె మాత్రం చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు గుర్తొచ్చాడు నజ్జరేనో.
తొట్టికి అటువైపు వాడు, ఇటువైపు నేను.
ముందు పన్ను కట్టించుకున్న రెండేళ్ళకి
చిగురు అంచున సీసంరంగు పట్టీ తేలింది వాడికి.
పన్ను కదల్లేదు, పోయేదాకా గట్టిగానే ఉంది.
జోకులన్నీ వాడే చెప్పి
నవ్వొచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.
ఏ ఫోటో చూసినా ఆ చెయ్యే.
దాని వెనక ఏముందో
భోజనాల బల్లంత ఎత్తు నుంచి
ఈ పిల్ల రోజూ చూసే ఉంటుంది.
అడగలేదు నేను.

"పన్ను వచ్చే నెల" అంది తొడుగులు విప్పుతూ.
"రంగు కుదరాలి. ఒకసారి నవ్వండి."

నా కుడిచెయ్యి దానంతటదే లేచింది.
ఆమె దాన్ని పట్టుకుని
మెల్లగా కుర్చీ చేతి మీద పెట్టింది.