కుడివైపు కింది మూల

నలభై ఏండ్లు పక్కోళ్ల పేర్లు రాసిన.
వారాసిగూడ నుంచి చిలకలగూడ చౌరస్తా దాకా
కిరాణం, గాజుల దుకాణం, పండ్ల డాక్టరు,
ఒకాయనకైతే ఒక్క రేకు మీదనే మూడు భాషలు.
నా పేరు మాత్రం కుడివైపు కింది మూల,
గోరంత:
పెంటయ్య ఆర్ట్స్.
పక్కన ఫోన్ నంబరు. అప్పుడు ఆరంకెలే.

ఫ్లెక్సీ వచ్చింది. ఆ కథ మీకెరుకే.

ఇప్పుడు షగుఫ్తా జిరాక్సు షాపుల
మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు
ప్లాస్టిక్ కుర్చీల కూసుంట.
"చాచా, ముందుగాల పేరు కొనాలె" అన్నది.
నా పేరు నేను కొనుడేంది?
కొనుడు గూడ కాదట, ఏడాది కిరాయి.
కట్టకుంటే ఇంకొకనికి ఇస్తరట.
మా అవ్వ ఉత్తగనే పెట్టింది బేటా, అంటే
నవ్వింది.
నవ్వుకుంటనే ఏడువందల యాభై అన్నది.
ఇచ్చిన.

పేవుడి పసుపుల నూనె ఎంత పొయ్యాల్నో
నా వేలుకు తెలుసు.
ఇక్కడ రంగంటే ఆరు గుర్తులు, అంకెలూ అక్షరాలూ కలిపి.
తెరిచిన బ్రాకెట్టు మూసుడు మరిచిన,
ఎర్ర డబ్బా కాలు తగిలి ఒరిగినట్టు
కింది దాకా అంతా ఎరుపే.
మొదటి ఫైలు పేరుకు పెద్ద ఐ పెట్టిన,
బోర్డు మీద పెద్దక్షరం అలవాటు కదా.
నాలుగొందల నాలుగు అన్నది మిషను,
ఈ గల్లీల ఆ నంబరు ఇల్లే లేదు పో అన్నట్టు.

అన్నిటికన్న తెలుగు రాసిన రోజు.
తలకట్లు లేవు, కొమ్ములు లేవు,
నెత్తిన గీత పెట్టుకున్న ఏలు,
జ్వరం కొలిచే చిన్న సున్నాలు,
వరుస మీద వరుస.
చెయ్యి వణికిందేమో అని
చేతిని చూసుకున్న.

షగుఫ్తా అన్నిటికి పైన ఒక్క వరుస కలిపింది.
ఇది ఏ రాతనో మిషనుకు ముందే చెప్పాలట.
సున్నపు గోడకు చెప్పలే నేను,
రేకుకు చెప్పలే, లారీ తలుపుకు చెప్పలే.
ఏదీ అడగలే.
మళ్ల తెరిచింది. వచ్చినయ్.
వచ్చినయ్ గని సన్నగ, పొట్టలు లేకుంట.
ఆ 'ళ' చూస్తే మా ఉస్తాదు
నా చెంప పగలగొట్టేటోడు.

"నీ పాత బోర్డుల ఫోటోలు పెట్టు చాచా."
ఫోటోలెవరు తీసిండ్రు?
గాజుల దుకాణం రేకు కోళ్ల గూటికి కప్పయింది.
డాక్టరుది తిరగేసి 'టులెట్' రాసుకున్నరు,
అది గూడ నేనే రాసిన.
వెతికి వెతికి దొరికిందొక్కటి,
అజీజ్ భాయ్ కొడుకు బారాత్ ఫోటోల,
గుర్రం వెనక:
'బట్టల దు'
మిగతాదంతా తోక.
అదే స్కాన్ చేసినం.
'దు' కొమ్ము ఇప్పటికీ బాగనే ఉన్నది, నీలం నీడతోని.

ఫోటో పోను మిగిలిన తెలుపంతా నాదేనట.
ఎడమ నుంచి కుడి దాకా,
ఓనరు లేడు, స్పెల్లింగు ఇచ్చేటోడు లేడు,
'ఇంకొంచెం పెద్దగ రాయి' అనేటోడు లేడు.
సగం చాయ్ సల్లారింది.
గీత కొట్టుకుంటనే ఉన్నది.

రాసిన.
కుడివైపు కింది మూల, గోరంత.

"గట్ల కాదు చాచా! పైన. నడుమ. పెద్దగ."
షగుఫ్తా మౌసు మీద చెయ్యి పెట్టబోతే
ఆపిన.

ముందు ఆరనియ్యి బేటా.