నాలుగంగుళాలు

పాలకొల్లు కాలవగట్టున
రేకుల షెడ్డు నాది.
బోర్డు మీద పేరు ఎండకు ఎగిరిపోయింది,
అందరూ ఫోం బాజీ అంటారు.
మా నాన్న బూరుగుదూది ఏకేవాడు.
ఆ విల్లు ఇంకా గోడకే ఉంది,
వానాకాలం గొడుగులు తగిలిస్తాం.

నా చేతిలోది కాలే తీగ.
దిమ్మను మెల్లగా తోస్తే చాలు,
జున్ను కోసినట్టు దారి ఇస్తుంది.
వాసన మాత్రం జున్నుది కాదు,
రాత్రి కంచం ముందు కూర్చున్నా ముక్కులోనే ఉంటుంది.

ఎవరెవరు రారు!
రాజోలు ఆటో అబ్బాయి
సీటు కొలత తాడుకి ముళ్ళేసి తెస్తాడు.
దింపు తీసే ఏసురత్నం
చెట్టు రొమ్మును గీరకుండా
గోనెలో కుట్టుకునే పలక అడుగుతాడు,
డబ్బుకు బదులు రెండు బొండాలు పెట్టి పోతాడు.
మైకుసెట్టు వాళ్ళకి పెట్టె లోపల మెత్త.
మంచం దిగలేని మనిషి కోసం
ఒకావిడ పరుపు కొలత ఇచ్చి వెళ్ళి,
నెల తిరక్కుండా మళ్ళీ వచ్చి
"పొడుగు తగ్గించవయ్యా,
ఆయన ముడుచుకుపోయాడు" అంది.

చెప్పు అడుగున ఇదే.
హెల్మెట్టులో చెమట తాగేదీ ఇదే.
ఫ్రిజ్ గోడలో కనపడకుండా నిలబడేది
దీని చుట్టమే, కాస్త గట్టి మనిషి.

ఆ గట్టిదాన్ని భీమవరంలో చూశాను,
ఐసుపెట్టెలు చేసేచోట.
రెండు డ్రమ్ములు. ఒకదాంట్లో తేనెరంగు,
రెండోదాంట్లో తాటిబెల్లం పాకం.
గిలకొట్టి రెండు గోడల మధ్య పోశారు.
అట్లపిండికి రాత్రంతా పట్టే పొంగు
కళ్ళముందే లేచి మూత తన్నింది.
చెయ్యి వేశాను, చురుక్కుమంది.
చలిని కాపాడేది
పుట్టేటప్పుడు ఇంత వేడా అనుకున్నాను.
"మందం ఎంత?" అంటే
"నాలుగంగుళాలు" అన్నాడు మేస్త్రీ,
"రొయ్యకి ఎండ తెలియకూడదు."

మొన్న శనివారం, వానకు ముందు,
రొయ్యల షెడ్డు ఆడవాళ్ళు నలుగురొచ్చారు.
తలలు తీసే పని.
వేళ్ళ చివర్లు నాని తెల్లబడి ఉన్నాయి.
"ఇనప స్టూళ్ళండీ, తెల్లారగట్ల అయిదింటి నుంచీ.
కింద ఐసునీళ్ళు.
చలి ఇనుములోంచి పైకి ఎక్కుద్ది" అంది మరిడమ్మ.
అడిగితే సూపర్‌వైజరు నవ్వాడంట.
పద్దెనిమిది మంది, తలా ఇరవై.
కొంగు ముడి విప్పింది.
మూడొందల నలభై ఉన్నాయి.
"వీరవేణిది తర్వాత ఇస్తదండీ."

"మందం ఎంత?" అన్నాను, అలవాటుగా.
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
ఆ మాట వాళ్ళనెవరూ అడిగినట్టు లేదు.
"వేలెడు చాలదేటండీ" అంది చిన్నది.

నేనేం మాట్లాడలేదు.
డాక్టరుగారి సోఫాకి దాచిన దిమ్మ దించి
తీగ వెలిగించాను.
నాలుగంగుళాలు.
నీళ్ళు తాగకుండా పైన రెగ్జిన్,
ఆటో పచ్చ కొన్ని, బస్సు ఎరుపు కొన్ని.
ఆ నష్టం ఎవరి ఖాతాలో రాయాలో
ఇంకా తేల్చలేదు.

మిగతావాళ్ళు గట్టెక్కాక
మరిడమ్మ ఒక్కత్తే వెనక్కి వచ్చింది.
"నాది వేరేగా కొయ్యాలండీ."
బల్ల మీది పసుప్పచ్చ పొడిలో
వేలితో ఒక గుండ్రం గీసింది,
దాని లోపల ఇంకో చిన్న గుండ్రం.
గారె.
ఆవిడ చెప్పలేదు, నేనడగలేదు.
మా అమ్మకీ ఉండేది ఆ బాధ.

మధ్యలోంచి ఊడిన బిళ్ళని
మా రమీజా పట్టుకుపోయి పలక తుడుచుకుంటోంది.

మంగళవారం వీరవేణి ఇరవై వచ్చింది.
నోటు తడిసి, రొయ్యల వాసన.
కరెంటు తీసేసి
తీగ మీదే ఆరేశాను.