ఎందుకైనా మంచిది

జూన్ రెండో వారం. అయోవాలో వాన వెలిసిన పొద్దు.
మొక్కజొన్న నా బూటు దాటి జానెడు లేచింది.
లోరీన్ ఇనుప గొట్టాన్ని సాళ్ల మధ్య దించి
కాలితో తొక్కి, మెలితిప్పి లాగింది:
అడుగు పొడవు నల్లమట్టి,
సగానికి తెగిన వానపాము.
"అయ్యో" అని దాన్ని మాత్రం
తిరిగి సాల్లోకే జారవిడిచింది.

మెరకన పదహారు చోట్ల, పల్లాన పదహారు.
రెండు సంచులూ మంచుపెట్టెలో
నా బీరు సీసాల పక్కన సర్దింది.
వెచ్చబడితే మట్టి అబద్ధమాడుతుందట.

మా నాన్న ఎరువు లెక్క చిన్నది:
ఎకరాకి ఇంత, ఆపైన ఇంకొంచెం,
ఎందుకైనా మంచిది.
ఆ ఇంకొంచెం ఎటు పోయేదో
ఆయన అడగలేదు.
నేనూ అడగలేదు.

పొలం చివర, నేల అడుగు గొట్టం నోట
నీళ్లు ధారగా కాలవలో పడుతుంటాయి.
అద్దంలా ఉంటాయి. ఒకసారి దోసిట పట్టి తాగాను.
ఏ రుచీ లేదు.
నిరుడు, నది దిగువ ఊళ్లో నా మేనకోడలు ఆస్ట్రిడ్
పసిదానికి పాలు కలపడానికి
దుకాణం నుంచి నీళ్లు మోసింది.
నన్నేమీ అనలేదు.
క్రిస్మస్‌కి మాత్రం రాలేదు.

శుక్రవారం ఫోను. మెరక పద్నాలుగు,
పల్లం ఇరవైతొమ్మిది.
"ఇరవైఐదు దాటితే ఇక వెయ్యొద్దు," అంది లోరీన్.

ట్యాంకు నిండా అప్పటికే కొనేశాను.
సాళ్లు మెరక దిగి పల్లంలోంచే పోతాయి.
అక్కడ వాల్వు కట్టేశాను.
మూడో సాలులో చెయ్యి దానంతటదే
పిడి మీదికి పాకింది.
దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను,
బడిలో పిల్లాడిలా,
గట్టు వచ్చేదాకా.