ఆరువందల పదకొండు అడుగులు

ఎలియెసెర్, డబ్బా అలా ఊపకు.
ఆ గలగల విని జనం వీధి దాటి అవతలికి పోతారు.
చంకలో పెట్టుకో, పిల్లికూనను పట్టుకున్నట్టు.
హెల్మెట్ తియ్యి, మొహం కనపడాలి.
వలలు బాగుచేసే బార్రియా మనవడివని
చూడగానే తెలియాలి వాళ్ళకి.

ఈ చిలోయే దీవిలో వాన అడక్కుండానే వస్తుంది.
మిగతావన్నీ అడగాలి మనం.
మంటలార్పేవాళ్ళకు ఈ దేశంలో జీతం లేదు.
నీ బూట్లు నువ్వే కొనుక్కున్నావు,
ఆ బాకీలో సగం ఇంకా నా పద్దులో ఉంది.

ఇరవై రెండేళ్ళుగా ఈ దళం డబ్బు లెక్క నాది.
మొదట్లో నేనూ భయపెట్టే అడిగాను.
కాలిన ఉయ్యాల ఫోటో అట్టకు అంటించి
చర్చి మెట్ల దగ్గర నిలబడ్డాను.
చూశారు, నాణెం వేశారు,
మరుసటేడు ఇంకో గుమ్మంలోంచి వెళ్ళిపోయారు.

తర్వాత కురాంతో వండి అమ్మాం.
గొయ్యి తవ్వి, రాళ్ళు కాల్చి,
ఆల్చిప్పలూ పందిమాంసం బంగాళదుంపలూ పరిచి
గొడుగంతేసి ఆకులు కప్పాం.
ఆ పొగ చూసి ఎవరో మనకే ఫోన్ చేశారు,
నిప్పంటుకుంది, త్వరగా రండని!
ఊరంతా నవ్వింది. ఆ నవ్వు మీదే
మిగిలిన టికెట్లన్నీ అమ్ముడయ్యాయి.
కొత్త గొట్టాలు రెండు కొన్నాం.

గొట్టాలున్నాయి.
నీళ్ళేవి?

కొండమీద జునిల్ద మిల్యలోంకో ఇల్లు.
మేం చేరేసరికి పొయ్యి గొట్టం ఒక్కటే నిలబడి ఉంది.
ఇల్లు కాలాక బావి తవ్వడమంటారే,
ఆ బావికి మేం అర్జీ అయినా పెట్టలేదు అప్పటికి.

మర్నాటి వారం అలవాటుగా ఆ వీధే ఎక్కాను.
ఎవరిదో కోటు వేసుకుని పక్కింటి గేటు దగ్గర నిలబడి ఉంది.
డబ్బా వీపు వెనక దాచాను.
చూసేసింది.
"నన్నెందుకడగవు?" అంది.
అంత కోపం నేనెన్నడూ చూడలేదు.

ఏమనాలో తోచక ఒకటి అడిగాను:
నీ గేటు నుంచి నీళ్ళ పంపు దాకా ఎన్ని అడుగులు?

వానలోనే దిగింది. లెక్కపెడుతూ దిగి, లెక్కపెడుతూ ఎక్కి,
నా రశీదు పుస్తకం లాక్కుని రాసింది:
ఆరువందల పదకొండు.

సాయంత్రానికి పక్కింటివాళ్ళది. ఐదువందల తొంభై.
బుడ్డోడొకడు తనవి చిన్న అడుగులని రెండుసార్లు లెక్కపెట్టాడు.
తాగి ఉన్న రుదెసిందోకి మూడుసార్లూ మూడు అంకెలొచ్చాయి,
మూడూ పంపాం.
నూట నలభై మూడు గడపల లెక్క.
కొండమీద వాళ్ళు డబ్బివ్వలేరని
ఇన్నేళ్ళూ నేను ఏమీ అడగలేదు, ఎలియెసెర్.
అది దయ అనుకున్నాను.

పురపాలక సభలో ఒకాయన పరిశీలిస్తామన్నాడు.
జునిల్ద లేచి, "మీ ఇంటినుంచి ఎన్ని?" అంది.
ఆయనకు తెలియదు.
మంగళవారం తోలు చెప్పులతో వచ్చాడు, కొండ ఎక్కాడు,
నాలుగువందల దగ్గర కంచె పట్టుకుని ఆగాడు.
మేమెవరం నవ్వలేదు. నీళ్ళు తెచ్చి ఇచ్చింది ఆవిడే.

మూడు పంపులడిగాం.
పద్నాలుగు నెలలకి ఒకటి వచ్చింది.
ఎర్రరంగు కూడా మనమే వేసుకున్నాం.
ఆవిడ కొత్త గేటు నుంచి ఇప్పుడు రెండువందల ముప్పై ఎనిమిది.
ఇంకా నమ్మకం లేనట్టు ఆదివారాలు నడిచి చూసుకుంటుంది.

సరే, బయల్దేరు. మొదట ఆవిడ దగ్గరికే వెళ్ళు.
వంద పెసోలు వేస్తుంది, ఒక్కోసారి గుండీ వేస్తుంది.
రశీదు మాత్రం రాసివ్వు,
సామన్ చేపల కంపెనీ వాడికి రాసినంత వివరంగా.
మిగతా రెండు పంపుల కాగితం జేబులోనే ఉంది కదా,
డబ్బులడిగే ముందు అది చూపించు.

వాన పట్టింది. మూత గట్టిగా పెట్టు.
పోయినేడు తడిసి
నోట్లన్నీ అట్టకట్టుకుపోతే
పొయ్యి పక్కన దండెం కట్టి ఆరేశాను.