తూర్పున దారి

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా
పదకొండేండ్లు జిరాక్సులు తీసినా,
ఒక్క కాగితమూ చదివింది లేదు.
మిషన్లోంచి వెచ్చగా జారేవి
ఎవరెవరివో నేలలు,
పేజీకి రెండు రూపాయలు.

ఈ ఏడు చీటీ పాడినాక
నాకూ నాలుగు సెంట్లు కావాలనిపించింది.
కల్లూరు అవతల వెంచర్.
సున్నం కొట్టిన రాళ్లు, కొత్త ఆర్చి,
నల్లరేగడి నెర్రెల్లో గుచ్చిన జెండాలు.
"రేపటికి రేటు పెరుగుతాదక్కా" అన్నాడు మద్దిలేటి.

"లింకు కాగితాలు ఇయ్యి ముందు."

రాత్రి షట్టరు దించి
చెక్కుబందీ మీద వేలు పెట్టి చదివినా.
ఎనభై ఏడులో: తూర్పున దారి.
తొంభై ఆరులో: తూర్పున దారి.
రెండువేల పదిలో, వరద పోయినంక:
తూర్పున షాషావలి స్థలం.

దారి యాడికి పోయింది?
హంద్రి మింగిందా, మనిషి మింగినాడా?
నలుగురూ నడిచేదాన్ని
ఎవరు, ఎవరికి, ఎట్ల అమ్మినారు?

"ఇంత అనుమానమైతే భూమి కొనలేవక్కా"
కాగితాలు సంకన పెట్టుకుని మద్దిలేటి నవ్వినాడు.
కొనలేదు.
అడ్వాన్సు యాభై వేలు
ఇంకా కందిపప్పు డబ్బాలోనే.

"బిర్న తీయమ్మా, టోకెన్ పిలుస్తాండారు."
తీస్తానే ఉండా సామీ.
తూర్పు కాడికి వచ్చేసరికి
వేలు రవ్వంత ఆగుతాది,
అంతే.