ఆరు నిమిషాలు

కనిగిరి దాటాక, పొదిలి రోడ్డు వారన
హజరత్తమ్మ మిద్దె మీద
ముక్కాలి స్టాండు నిలబెట్టాను.
దాని తలమీద తెల్లటి బంతి.
"ఏంది నాయనా, నిప్పుకోడి గుడ్డా?" అంది.

ఎదురుగా టవరు.
పిల్లల తలనొప్పులు, కాపు నిలవని నిమ్మచెట్టు,
రావడం మానేసిన పిచ్చుకలు
అన్నీ దాని ఖాతాలోనే రాసి
వీధంతా వేలిముద్రలేసిన అర్జీ
నా సంచిలో ఉంది.

ఆరు నిమిషాలు ఎవరూ దగ్గరికి రాకూడదు.
ఫోన్లు కింద పెట్టి రమ్మన్నాను.
మూడో నిమిషంలో అంకె ఎగిరిపడింది:
మా డ్రైవరు యోనా జేబులో
వాళ్ళావిడ.

మళ్ళీ మొదటినుంచి.
కందులు ఎండబోసిన పట్టా అంచు
గాలికి లేచి పడుతోంది.
సున్నా, చుక్క, ఇంకో రెండు సున్నాలు, ఎనిమిది.
"హద్దులో నూరోవంతు కూడా లేదమ్మా."

ఆమె మోచెయ్యి పూర్తిగా చాపలేదు.
వంగిన ఆ చేత్తోనే బోరింగు చూపించింది.
"దాన్నీ కొలిచారయ్యా, నేను కాపరానికొచ్చిన యేడు.
సీసాలో పట్టుకుపొయ్యారు.
హద్దు దాటిందని ఎర్రరంగు పూసిపొయ్యారు.
రంగు పొయ్యింది. మేం తాగతానే ఉండాం.
లోపలుంటే కాయితం, దాటితే రంగు.
అంతేగదా?"

నా ఫారంలో ఆ గడి లేదు.
తేదీ వేశాను, టైమూ వేశాను,
ఎండ ఎంతో కూడా రాశాను.

"ఎండనబడొచ్చావు," అంటూ
లోటాతో నీళ్ళు తెచ్చింది.
సంచిలో నేను కొనుక్కున్న సీసాని
కనపడకుండా
అర్జీ కిందికి తోశాను.