ఒరిగిన బురుజు దగ్గర

ఆదివారం, తొమ్మిదిన్నర.
పసుపుపచ్చ గొడుగు ముడిచి పైకెత్తి పట్టుకుంటాను,
వానొస్తుందని కాదు,
వెనకాల వచ్చేవాళ్ళు తప్పిపోకూడదని.
ఇవాళ పదకొండు మంది.
ఒకాయన రబ్బరు చెప్పులతో దిగాడు.
మెట్లున్నాయని నిన్ననే చెప్పానుగా అంటే
నవ్వి ఊరుకున్నాడు.

స్మెదెరెవో కోట.
ఇటు డాన్యూబ్, అటు సన్నగా యెజవా,
మధ్యలో మూడు మూలల రాతిముక్క.
లోపల పచ్చిక, కుక్కల్ని తిప్పేవాళ్ళు,
రాత్రి ఎవరిదో పుట్టినరోజు తాలూకు బెలూను ఒకటి
గాలి సగం పోయి.
బురుజులు ఇరవై అయిదని పుస్తకంలో ఉంది.
నేను లెక్కపెట్టినప్పుడల్లా ఒకటి తక్కువొస్తుంది.
ఆ మాట మాత్రం పైకి చెప్పను.

గోడలో ఎర్ర ఇటుకలు పేర్చి రాసిన రాజు పేరు చూపిస్తాను.
యెరీనా రాణి కథ మొదలుపెడతాను:
సున్నంలో కలపడానికి
ఊళ్ళలో గుడ్లన్నీ ఊడ్చుకొచ్చిందట,
పొదిగే కోళ్ళ కిందవి కూడా వదల్లేదట.
కోట కట్టించిన పేరు గోడ మీద ఆయనకి,
శాపనార్థాలు ఆరొందల ఏళ్ళుగా ఈవిడకి.
ఇక్కడ ఆడవాళ్ళు నవ్వుతారు.
ఎప్పుడూ సరిగ్గా ఇక్కడే.

తర్వాత నీటివైపు.
ఇక్కడి బురుజు నిలువునా ఒరిగి ఉంటుంది,
పడనూ లేదు, నిలబడనూ లేదు.
"పందొమ్మిది వందల నలభై ఒకటి, జూన్ అయిదు.
జర్మన్లు కోటలో పోగేసిన మందుగుండు అంటుకుంది.
ఊరు ఊరంతా కూలింది."
తేదీతో సహా రెండు నిమిషాలు.
ఆ పైన ఫోటోలకి అయిదు.

చేతిసంచిలో ద్రాక్షపళ్ళతో వచ్చిన ముసలావిడ
స్తామెంకా, మెట్ల దగ్గర ఎవరి చెయ్యీ పట్టుకోనిది,
అడిగింది:
"ఆ చప్పుడు ఎంతసేపు ఉందో రాశారా పిల్లా?"

లేదండీ అన్నాను.

"మా అమ్మకి ఎనభై ఎనిమిదో ఏడు దాకా ఉంది."

ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

"నేను పుట్టింది అది పేలిన పదో రోజున.
నా ఏడుపు ఆవిడ చూసింది.
వినలేదు.
రాత్రిళ్ళు నా కాలికి ఊలుదారం కట్టి
రెండో కొస తన మణికట్టుకి ముడేసుకుని పడుకునేదట.
నేను తన్నితే లేచేది.
నాకు మూడేళ్ళొచ్చేదాకా ఆ దారం ఉంది.
మాటలు నాకు ఆలస్యంగా వచ్చాయి.
ఎవరితో ఆడను?"

గోడ పక్క పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది,
ఉక్కు ఫ్యాక్టరీది, పొడుగాటిది.
కాళ్ళ కింద రాళ్ళు అదిరాయి.
అది పోయేదాకా ఆగడం నా అలవాటు,
ఇవాళ అది పోయాక కూడా ఆగాను.
ఏదో అనాలి.
నా దగ్గరున్నవన్నీ
గోడ మందం, ఎత్తు, ముట్టడి ఎన్ని నెలలు.

ఆవిడ మాత్రం ద్రాక్షగుత్తి తీసి
ఇదిగో అన్నట్టు పక్కనున్న కుర్రాడి చేతిలో పెట్టింది.
వాడి పేరు ద్రాషా, ఎనిమిదేళ్ళుంటాయి.
వాడు ఒక పండు నోట్లో వేసుకుని
రెండు చెవుల్లోనూ వేళ్ళు దూర్చుకుని
నములుతూ చాలాసేపు బురుజు వంక చూశాడు.

"గొడుగెత్తు పిల్లా,
వీళ్ళు చెదిరిపోతున్నారు."

చెయ్యి ఎప్పుడు దించానో!
ఎత్తాను.

గేటు దగ్గర లెక్కపెట్టాను.
పదకొండుగురూ ఉన్నారు,
చివరాయన తెగిన చెప్పు ఒకటి
చేత్తో పట్టుకుని.